నాన్నగారి లాప్‌టాప్‌లో ‘ధ’ ఎందుకు ‘ద’ అయింది?

ప్రశ్న: మా తాతగారు రాసిన పద్యాలు మూడు వందల చిల్లర ఉన్నాయి. వాటిని తాత్పర్యాలతో సహా ఒక సైటులో పెడుతున్నాను. నా మ్యాక్‌బుక్‌లో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. తెనాలిలో నాన్నగారి విండోస్ లాప్‌టాప్‌లో మాత్రం సన్నగా, వెలిసిపోయినట్టు కనిపిస్తున్నాయట. ‘క్షీరధార’ను ఆయన ‘క్షీరదార’ అని చదివి, “మీ తాతయ్య ఇలా రాసి ఉండడే” అని ఫోన్ చేశారు. కొన్ని పద్యాల్లో వత్తుల అడుగులు తెగిపోతున్నాయి. ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వాడే మా తమ్ముడు “ఇది నువ్వు చూపించిన ఫాంటే కాదక్కా” అంటున్నాడు. శీర్షికలైతే అందరికీ అలుక్కుపోయినట్టే ఉన్నాయి. ఫాంటులో హింటింగ్ (అక్షరాన్ని తెర పిక్సెళ్లకు సర్దే సూచనలు) లేకపోవడమే కారణమని ఆఫీసులో ఒకరు చెబితే, ఆ సూచనలు తానే రాసిపెట్టే టీటీఎఫ్‌ఆటోహింట్ వేసి చూశాను, ఇంకా పాడైంది. డబ్బిచ్చి ఎవరిచేతనైనా హింటింగ్ చేయించాలా?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: వద్దండీ, ఆ డబ్బు ఖర్చు పెట్టకండి. మీరు పంపిన లింకు తెరిచి, సైటు రూపురేఖలు రాసి ఉండే స్టైల్ ఫైలు మొదటినుంచి చివరిదాకా చదివాను. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ పద్యాలు చూశాను. మీ నాలుగు ఫిర్యాదులకూ నాలుగు వేర్వేరు కారణాలున్నాయి. వాటిలో హింటింగ్‌తో చుట్టరికం ఉన్నది ఒక్కదానికే, అదీ దూరపు చుట్టరికం. తెర మీద అక్షరం బాగోకపోతే హింటింగ్‌ను తిట్టడం మన రంగంలో ఆనవాయితీ అయిపోయింది. ఏ నొప్పి వచ్చినా గ్యాస్ అనుకున్నట్టు.

తేలిగ్గా తేలిపోయేది ముందు చెప్తాను. మీ తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం, అతను చూస్తున్నది మీ ఫాంటు కాదు. మీ స్టైల్ ఫైల్లో, ఏ ఫాంటు ఎక్కడినుంచి తేవాలో చెప్పే ఫాంట్-ఫేస్ దగ్గర, సర్వర్లోని ఫైలు చిరునామాకంటే ముందు ‘లోకల్’ అని ఒక వరస ఉంది. “ఈ పేరున్న ఫాంటు మెషిన్లో ఇప్పటికే ఉంటే అదే వాడుకో, లేకపోతేనే మా దగ్గర నుంచి దించుకో” అని బ్రౌజర్‌కి చెప్పడం అది. ఎక్కడి నుంచో కాపీ చేసిన కోడులో వచ్చి ఉంటుంది, చాలా సైట్లలో చూస్తుంటాను. మీ తమ్ముడు ఎప్పుడో అదే పేరుగల పాత వెర్షన్ ఇన్‌స్టాల్ చేసుకుని ఉంటాడు. పేరు ఒకటే, లోపలి అక్షరాలు వేరు. ఆ లోకల్ వరస తీసేయండి.

నా అనుమానం నిజమో కాదో అతన్నే చూడమనండి. ఫైర్‌ఫాక్స్‌లో పద్యం మీద రైట్ క్లిక్ చేసి ‘ఇన్‌స్పెక్ట్’ నొక్కితే ‘ఫాంట్స్’ అని ఒక ట్యాబ్ ఉంటుంది. క్రోమ్‌లో అయితే ‘కంప్యూటెడ్’ ట్యాబ్ అడుగున ‘రెండర్డ్ ఫాంట్స్’ అని కనిపిస్తుంది. అక్కడ నిజంగా తెర మీద గీసిన ఫాంటు పేరూ, అది నెట్ నుంచి వచ్చిందా మెషిన్లోదా అన్నదీ తెలుస్తుంది. ఎవరు ఏ ఫిర్యాదు తెచ్చినా నేను మొదట అడిగేది ఇదే. ఎందుకంటే మన ఫాంటు దిగకపోతే ఒక్కో సిస్టమ్ తన దగ్గరున్న తెలుగు ఫాంటు తెచ్చి పెడుతుంది. విండోస్ 8 నుంచి అది నిర్మల యూఐ, ఎక్స్‌పీ రోజుల్లో గౌతమి. మ్యాక్‌లో కోహినూర్ తెలుగో, తెలుగు సంగం ఎంఎన్నో వస్తుంది. లినక్స్‌లో నోటో, లోహిత్, పోతన 2000, ఏది ఉంటే అది. ఇన్ని ఫాంట్ల మధ్య తేడాను చూసి హింటింగ్ సమస్య అనుకునేవాళ్లు బోలెడుమంది.

ఇంకో మాట. ‘క్ష’ విడిపోయి క, పొల్లు, ష లాగా కనిపించినా, వత్తు పక్కకు జారిపడినా, గుండ్రటి చుక్కల వలయం వచ్చినా అది అక్షరాలను కూర్చే దశలో వచ్చిన తేడా. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ మీ వెబ్‌ఫాంటుకు ఆ కూర్పు పనిని హార్ఫ్‌బజ్ అనే ఒకే లైబ్రరీకి అప్పగిస్తాయి. కాబట్టి సిస్టమ్ మారినా కూర్పు మారదు. సఫారీ మాత్రం యాపిల్ సొంత కోర్ టెక్స్ట్ వాడుతుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’తో మొదలయ్యే ఒక తెలుగు అక్షరాల గుంపు మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి, గుర్తుందా? అది ఈ దశలో పుట్టిన గొడవే. ఐఓఎస్ 11.2.6 వచ్చాక సద్దుమణిగింది. మీ సైటులో కూర్పు అంతా సవ్యంగా ఉంది కాబట్టి దాన్ని వదిలేద్దాం. కూర్చిన అక్షరాన్ని పిక్సెళ్లుగా మార్చే దశలోనే సిస్టమ్‌ల దారులు వేరవుతాయి. విండోస్‌లో ఆ పని డైరెక్ట్‌రైట్‌ది, మ్యాక్‌లో కోర్ గ్రాఫిక్స్‌ది, లినక్స్‌లో ఎక్కువగా ఫ్రీటైప్‌ది.

ఇప్పుడు తెనాలి సంగతి. దీని దగ్గర కాసేపు కూర్చోవాలి.

మీరు పద్యాలకు పెట్టింది ఆ ఫాంటులో లైట్ వెయిట్ (సన్న గీతల రకం), సైజు 15 పిక్సెళ్లు, రంగు బూడిద. మ్యాక్‌లో రెగ్యులర్ మీకు కాస్త లావుగా అనిపించి లైట్‌కి దిగి ఉంటారు. అక్కడే చిక్కు పడింది. ఫాంటు సైజు మొత్తాన్ని 1000 యూనిట్లుగా లెక్కేస్తే, ఇలాంటి లైట్ వెయిట్‌లో గీత మందం 50 అనుకుందాం. 15 పిక్సెళ్ల సైజులో ఆ గీత 0.75 పిక్సెల్ అవుతుంది. ముప్పావు పిక్సెల్‌ను ఏ తెరా నల్లగా గీయలేదు. ఒక పిక్సెల్‌ను ముప్పావు వంతు నలుపుతో నింపుతుంది, లేదా పక్కపక్క పిక్సెళ్లకు ఆ నలుపును పంచేస్తుంది. దాని మీద మీరు పెట్టిన బూడిద రంగు. ఇక మిగిలేది పొగే.

మీ మ్యాక్‌బుక్ తెర రెటీనా, అంటే పిక్సెళ్లు బాగా చిక్కగా ఉండే రకం కాబట్టి అదే 15 అక్కడ 30 అసలు పిక్సెళ్లవుతుంది, గీత ఒకటిన్నర పిక్సెల్ దక్కించుకుంటుంది. అది చాలదన్నట్టు మ్యాక్ ఫాంట్ స్మూతింగ్ గీతలను ఇంకొంచెం లావు చేసి గీస్తుంది. నాన్నగారిది 15.6 అంగుళాల, 1366×768 తెర అన్నారు. అంగుళానికి దాదాపు 100 పిక్సెళ్లు. 13 అంగుళాల రెటీనా మ్యాక్‌బుక్‌లో 227. అంటే మీరు చూసి మురిసిన అక్షరం, ఆయన చదివిన అక్షరం ఒకే ఫైలులోంచి వచ్చినా ఒకటి కావు.

‘ధ’ని దగ్గరగా చూడండి. ‘ద’కి, ‘ధ’కి తేడా అడుగున ఉన్న ఆ చిన్న నిలువు గీత. ఫ, ఢ, భ, ఛ అన్నిటికీ ప్రాణం అదే. 15 పిక్సెళ్ల సైజులో ఆ గీత పొడవు ఒకటో రెండో పిక్సెళ్లు, వెడల్పు ముప్పావు. పైనున్న వంపు అంచులోని బూడిదతో కలిసిపోయి, లేనట్టే అయిపోతుంది. నాన్నగారి కళ్ల తప్పేమీ లేదు. పాలధార కాస్తా పాల భార్య అయ్యేసరికి ఆయనకి అనుమానం రావడమే మనకి మేలు చేసింది. ‘ఫలము’ను ‘పలము’ అని చదివి ఉంటే, అదేదో పాతకాలపు తూకం అనుకుని ముందుకు వెళ్లిపోయేవారు.

మరి హింటింగ్ ఇక్కడ ఏం చేయగలదు? పిక్సెల్ గడుల మధ్య పడే గీతను జరిపి, గడిలో కూర్చోబెట్టమని ఫాంటు లోపలే రాసి పెట్టే సూచనలవి. 1991లో యాపిల్ తన సిస్టమ్ 7తో ట్రూటైప్ అనే ఫాంట్ల పద్ధతిని తెచ్చినప్పుడు ఈ సూచనల భాషను కూడా తెచ్చింది. ఇంగ్లిష్‌కు అది బాగా పనికొచ్చింది. దాని అక్షరాలన్నీ ఒకే గీత మీద నిలబడతాయి, చాలావాటికి నిటారు కాళ్లుంటాయి, చిన్నక్షరాల్లో చాలావాటిది ఒకే ఎత్తు. మన అక్షరాలకు నిటారు కాళ్లేవి? అన్నీ గుండ్రాలే. పైన తలకట్టు, గుడి, కొమ్ము, కింద వత్తు, ఒక్కోసారి వత్తుకింద వత్తు. ఎక్కడని సర్దుతారు? ఒకటి సర్దితే ఇంకోటి వంకర పోతుంది. చేత్తో చేస్తే ఒక్కో అక్షరానికి, ఒక్కో వత్తుకి, ఒక్కో సైజులో చూసుకుంటూ నెలలు పడుతుంది. ఇంతా చేశాక, ట్రూటైప్ పుట్టిల్లయిన యాపిల్ వారి మ్యాక్ ఇప్పుడు ఆ సూచనలను దాదాపు పట్టించుకోదు. డైరెక్ట్‌రైట్ నిలువు దిశలోవి మాత్రం వింటుంది. లినక్స్‌లో అది మనిషి పెట్టుకున్న సెట్టింగ్ మీద ఉంటుంది. మీ పాఠకుల్లో ఎంతమందికి అందుతుందో లెక్క వేసుకోండి.

విండోస్‌లో అక్షరాలను నునుపు చేసే క్లియర్‌టైప్ సంగతి కూడా ఇలాంటిదే. ఒక పిక్సెల్‌లో పక్కపక్కన ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలను విడివిడిగా వాడుకుని అడ్డంగా మూడింతల సూక్ష్మత తెస్తుంది. నిలువునా ఏమీ కలిసిరాదు. తెలుగేమో సరుకంతా నిలువునా పేర్చుకునే లిపి. విండోస్ పాత జీడీఐ పద్ధతిలో గీసే సాఫ్ట్‌వేర్లలో నిలువు దిశలో నునుపు చేయడం అసలు ఉండదు కాబట్టి తలకట్లు మెట్లు మెట్లుగా కనిపించేవి. విండోస్ 7తో డైరెక్ట్‌రైట్ వచ్చాక, 2014లో క్రోమ్ దానికి మారాక ఆ బాధ బ్రౌజర్లలో చాలావరకు తగ్గింది.

చేయాల్సింది ఇది. పద్యానికి రెగ్యులర్ వెయిట్ పెట్టండి, సైజు 20 చేయండి, రంగు నలుపుకి దగ్గరగా తెండి. రెగ్యులర్‌లో గీత 80 యూనిట్లు అనుకుంటే 20 పిక్సెళ్ల సైజులో 1.6 పిక్సెళ్లు వస్తుంది, ఇప్పుడున్న దానికి రెట్టింపు పైనే. తాత్పర్యానికి 18 చాలు. మ్యాక్‌లో మీకు కాస్త బొద్దుగా కనిపిస్తే కనిపించనీయండి. అంత పట్టుదల ఉంటే ‘వెబ్‌కిట్-ఫాంట్-స్మూతింగ్’ను ‘యాంటీఎలియాస్డ్’ అని పెట్టండి. అది మ్యాక్‌లో మాత్రమే గీతను సన్నం చేస్తుంది, తెనాలి జోలికి పోదు. వెయిట్ ఎంచుకునేటప్పుడు మాత్రం ఇకనుంచి పాత విండోస్ తెర మీద చూసి ఎంచుకోండి. నాసిరకం తెర మీద నిలిచిన అక్షరం మంచి తెర మీద ఎటూ నిలుస్తుంది.

ఈసారి ఊరు వెళ్లినప్పుడు నాన్నగారి లాప్‌టాప్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి రిజల్యూషన్ పక్కన ‘రికమెండెడ్’ అని ఉందో లేదో చూడండి. అక్షరాలు పెద్దగా కనిపించాలని పెద్దవాళ్లకు ఎవరో ఒకరు రిజల్యూషన్ తగ్గించి పెడుతుంటారు. మా ఇంట్లో ఆ ఘనకార్యం చేసింది నేనే. అప్పుడు తెర మొత్తం సాగదీసిన ఫోటోలా మసకేస్తుంది, ఏ ఫాంటు తెచ్చినా ఒకటే. రిజల్యూషన్ అసలుది పెట్టి, స్కేల్‌ను 125 శాతం చేయండి. అలాగే బ్రౌజర్ జూమ్ ఎంతుందో చూడండి. నేనొకసారి ఒక ఫాంటు లోపలి పట్టికలన్నీ రెండు రోజులు తిరగేశాక, కంట్రోల్ నొక్కి మౌస్ చక్రం తిప్పినప్పుడెప్పుడో జూమ్ 90 శాతానికి జారిందని కనిపెట్టాను. ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే స్టార్ట్‌లో క్లియర్‌టైప్ అని వెతికి, అది చూపించే నమూనాల్లో నాన్నగారికి ఏది హాయిగా ఉందో ఆయన్నే ఎంచుకోమనండి. మీరు ఎంచుకోవద్దు.

టీటీఎఫ్‌ఆటోహింట్ వేశాక ఎందుకు పాడైందో చెప్తాను. అది మంచి ఉపకరణమే, ఫ్రీటైప్‌లోని ఆటోహింటర్ ఆధారంగా చేసినది, తెలుగు లిపి కూడా దానికి తెలుసు. ఫ్రీటైప్‌లో ఆ ఆటోహింటర్‌కి అంత ప్రాధాన్యం రావడం వెనక ఒక కథ ఉంది. ట్రూటైప్ సూచనల మీద యాపిల్ పేటెంట్లు 2010 దాకా ఉండటంతో, సూచనలను చదివే భాగాన్ని మామూలుగా ఆపేసి ఉంచాల్సి వచ్చేది. అందుకని సూచనలు లేకుండానే అక్షరం అంచులను చూసి గడులకు సర్దే పద్ధతి పెంచుకున్నారు. ఇబ్బంది ఎక్కడంటే, అది ఒక్కో ఆకారాన్ని విడిగా సర్దుతుంది. మీ ఫాంటులో ‘ద’ ఒక ఆకారం, కింద రావత్తు ఇంకో ఆకారం. పై అక్షరం అర పిక్సెల్ పైకి, వత్తు అర పిక్సెల్ కిందికి జరిగితే మధ్యలో ఒక పిక్సెల్ సందు పడుతుంది. వేరే సైజులో అదే జంట ఒకదాన్నొకటి రాసుకుంటుంది. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ‘ముద్ర’లో వత్తు తేలిపోయినట్టు, ‘చక్ర’లో అతుక్కుపోయినట్టు ఉండటానికి కారణం అదే.

కాబట్టి అసలు ఫైలుకు వెనక్కి వెళ్లండి. ఏ సూచనలూ లేకుండా, అన్ని సైజుల్లోనూ రెండు దిశల్లోనూ నునుపుగా గీయమని మాత్రం చెబితే చాలు. ఫాంటులో ‘గ్యాస్ప్’ అనే చిన్న పట్టిక ఆ పని చేస్తుంది. గూగుల్ ఫాంట్స్ వాళ్ల జీఎఫ్‌టూల్స్ అనే ఉపకరణాల్లో ‘ఫిక్స్-నాన్‌హింటింగ్’ అని ఒక ఆదేశం ఉంది, గ్యాస్ప్‌ను సర్ది, సన్న గీతలు మధ్యలో తెగిపోకుండా కాపాడే చిన్న సూచనను కూడా పెడుతుంది. అర నిమిషం పని.

వత్తులు తెగడం పూర్తిగా వేరే కథ. గుండ్రటి మూలల కోసం పద్యం పెట్టెకి ‘ఓవర్‌ఫ్లో హిడెన్’ (అంచు దాటినదాన్ని దాచేయమనే ఆదేశం) పెట్టారు. లైన్-హైట్ (అక్షరం సైజుకు వరస ఎత్తు ఎన్ని రెట్లో) 1.3 ఇచ్చారు. ఇంగ్లిష్‌కు 1.3 సరిపోతుంది, మనకు చాలదు. మీ మ్యాక్‌లో ఎందుకు తెగలేదంటే, ఫాంటు లోపల పైకెంత కిందికెంత అన్న కొలతలు మూడు జతలు ఉంటాయి. మ్యాక్ హెచ్‌హెచ్‌ఈఏ అనే జతను చూస్తుంది. విండోస్ సాధారణంగా విన్ అనే జతను చూస్తుంది, ఫాంటులో ఒక గుర్తు పెడితే టైపో అనే జతకు మారుతుంది. మీ ఫాంటులో ఈ మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. లైన్-హైట్ ఒకటే అయినా అందులో అక్షరం ఎక్కడ కూర్చోవాలో తేల్చేది ఈ కొలతలే. విండోస్‌లో అక్షరం నాలుగైదు పిక్సెళ్లు కిందికి దిగి కూర్చుంది, ఆఖరి పాదంలోని వత్తుల కాళ్లు పెట్టె అంచున తెగాయి. పెట్టె ఆఖరి పాదాల్లోనే ఇలా అవుతోందని గమనించారా?

ఓవర్‌ఫ్లో హిడెన్ తీసేయండి, మూలలు గుండ్రంగానే ఉంటాయి. లైన్-హైట్ 1.8 చేయండి, పెట్టె అడుగున కాస్త ప్యాడింగ్ (ఖాళీ జాగా) ఇవ్వండి. ఫాంటు లైసెన్సు ఒప్పుకుంటే, ఫాంట్లను సవరించే ఫాంట్‌ఫోర్జ్‌లో హెచ్‌హెచ్‌ఈఏ, టైపో జతలను ఒకేలా చేసి, విన్ జతను అన్నిటికంటే లోతుకు దిగే అక్షరం దాకా పెంచవచ్చు. లోతు చూడటానికి నేను వాడే మాట ‘కార్త్స్న్యం’. సంస్కృతంలో సంపూర్ణత్వం అని అర్థం, వత్తుల పరంగా కూడా సంపూర్ణమే. దానికి ‘రాష్ట్రం’, ‘జ్యోత్స్న’ కలిపి చూస్తే సరిపోతుంది.

శీర్షికల అలుకుడు ఒక్క మాటలో పోతుంది. శీర్షికకు రామభద్ర ఫాంటు వాడారు. అది పుట్టుకతోనే లావు, ఒకే ఒక్క వెయిట్‌లో వస్తుంది. బ్రౌజర్ దాన్ని రెగ్యులర్ అనుకుంటుంది, శీర్షిక అంటే బోల్డ్ ఉండాలని తనకు తెలుసు, బోల్డ్ ఫైలు దొరక్క తానే గీతలను లావు చేసి అచ్చు వేస్తుంది. ‘ఘ’, ‘ణ’ల్లోని సందులన్నీ పూడుకుపోయేది అందుకే. శీర్షికలకు ఫాంట్-వెయిట్ 400 అని రాయండి, ఆ పక్కనే బ్రౌజర్ తానుగా లావు చేయకుండా ‘ఫాంట్-సింథసిస్ నన్’ అని కూడా పెట్టండి. మండలి, ఎన్టీఆర్ లాంటి ఒకే వెయిట్ ఫాంట్లు ఎప్పుడు వాడినా ఈ జాగ్రత్త కావాలి.

లోకల్ వరస తీసేశాక కూడా మీ తమ్ముడికి మసగ్గా కనిపిస్తే, మిగతా యాప్‌లలోని ఇంగ్లిష్ అక్షరాలు కూడా మసకగా ఉన్నాయేమో చూసుకోమనండి. ఉంటే అది లినక్స్‌లో 125 శాతం లాంటి భిన్నపు స్కేలింగ్ వల్ల కావచ్చు, మీ సైటుకు సంబంధం లేదు. అవి బాగానే ఉండి తెలుగు ఒక్కటే బాగోకపోతే గ్నోమ్ ట్వీక్స్ అనే సెట్టింగ్స్ యాప్‌లో హింటింగ్‌ను ‘స్లైట్’కి మార్చి చూడమనండి.

స్క్రీన్‌షాట్ల గురించి ఒక హెచ్చరిక. విండోస్‌లో తీసిన స్క్రీన్‌షాట్‌ను మీ రెటీనా తెర మీద చూసి తీర్పు చెప్పకండి. అది సాగుతుంది, క్లియర్‌టైప్ రంగు అంచులు తేలి కనిపిస్తాయి. మార్పులన్నీ చేశాక నాన్నగారికి ఫోన్ చేసి, మీరేమీ చెప్పకుండా ఆ క్షీరధార పద్యాన్నే పైకి చదవమనండి. ఆయన ఎక్కడైనా ఆగితే ఏ అక్షరం దగ్గర ఆగారో నాకు రాయండి.